ఫిలిప్పీన్స్‌లో లా చదువు, బార్ ఎగ్జామ్, ఆ తర్వాత ప్రాక్టీస్: దగ్గర్నుంచి చూసినవాడి జవాబు

తమ్ముడూ అని పిలుస్తున్నా ఏమనుకోకు, మూడో సెమిస్టర్ అన్నావు కాబట్టి నాకంటే చాలా చిన్నవాడివి. నువ్వు అడిగినవి మూడు. ఫిలిప్పీన్స్‌లో ఒక కుర్ర లాయరు తన చదువు గురించీ మొదటి ఏళ్ళ ప్రాక్టీస్ గురించీ రాసుకున్నది చదివావు, నాలుగేళ్ళు లా స్కూల్లో నలిగినా మొదటి క్లయింటు ఎదురుగా కూర్చుంటే ఏం చెయ్యాలో తోచలేదన్నాడు, అది నిజమేనా అని ఒకటి. వాళ్ళలాంటి కఠినమైన బార్ ఎగ్జామ్, అంటే లాయరుగా ప్రాక్టీస్ చెయ్యడానికి పాసవ్వాల్సిన పరీక్ష, మనకీ పెడితే లాయర్ల స్టాండర్డ్ పెరుగుతుందా అని రెండోది. మనవాళ్ళు అక్కడికి ఎంబీబీఎస్‌కి వెళ్తున్నట్టు లా కి కూడా వెళ్ళొచ్చా అని మూడోది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. వైజాగ్‌లో బీఎల్ చేసి, జిల్లా కోర్టులో ఒక సీనియర్ గారి దగ్గర కొన్నాళ్ళుండి, తర్వాత మనీలాలో మకాటీ ఏరియాలో ఒక కంపెనీ లీగల్ టీంలో కాంట్రాక్టుల పని చాలా ఏళ్ళు చేశాను. నేను అక్కడ లాయర్ని కాదు, కావడానికి కుదరదు కూడా, కానీ నా పక్క సీట్లలో ఉన్నవాళ్ళంతా ఇరవై ఆరు నుంచి ముప్పై అయిదు మధ్య వయసున్న అటార్నీలు, మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్ళ కబుర్లలో సగం లా స్కూలు, బార్ గురించే ఉండేవి.

మొదటిదానికి జవాబు, అవును నిజమే. కానీ ఎందుకు నిజమో తెలియాలంటే వాళ్ళ చదువు ఎలా నడుస్తుందో ముందు తెలియాలి.

అక్కడ లా అనేది రెండో డిగ్రీ. ఇంటర్ అవగానే అయిదేళ్ళ కోర్సులో చేరిపోయే దారి లేదు, ముందు ఏదో ఒక డిగ్రీ ఉండాలి, పొలిటికల్ సైన్స్ వాళ్ళుంటారు, అకౌంటెన్సీ వాళ్ళుంటారు, నర్సింగ్ చేసి వచ్చినవాళ్ళూ ఉంటారు, దాని తర్వాత నాలుగేళ్ళు లా. ఒకప్పుడు ఎల్ఎల్‌బీ అనేవాళ్ళు ఇప్పుడు జ్యూరిస్ డాక్టర్ అంటున్నారు. చాలా లా స్కూళ్ళలో సాయంత్రం క్లాసులుంటాయి కాబట్టి పగలంతా బ్యాంకులోనో ప్రభుత్వ ఆఫీసులోనో పనిచేసి, ఆ మనీలా ట్రాఫిక్‌లో పడి క్లాసుకి చేరి, రాత్రి తొమ్మిది దాకా కూర్చుని, ఇంటికెళ్ళి మర్నాటి కేసులు చదివేవాళ్ళు చాలామంది. మా టీంలో ‘ఇలోయిలో’ అనే ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి నాలుగేళ్ళూ అలాగే లాక్కొచ్చింది, ఆ నాలుగేళ్ళలో ఇంట్లో వాళ్ళతో కలిసి రాత్రి భోజనం చేసింది ఆదివారాలే అని చెప్పేది.

క్లాసులో లెక్చర్ తక్కువ, ప్రొఫెసర్ చేతిలో ఇండెక్స్ కార్డుల కట్ట ఉంటుంది, ఒక్కో కార్డు మీద ఒక్కో స్టూడెంట్ పేరు, కలిపి ఒకటి లాగుతారు. ఎవరి పేరొస్తే వాళ్ళు లేచి నిలబడి ఆ రోజుకిచ్చిన సుప్రీంకోర్టు తీర్పులో ఫ్యాక్ట్స్ ఏంటి, ఇష్యూ ఏంటి, కోర్టు ఏమంది, ఎందుకంది చెప్పాలి, చెప్తూ ఉండగానే ఫ్యాక్ట్స్‌లో ఒకటి మార్చేసి ఇప్పుడేమంటావ్ అని అడుగుతారు. దీన్ని వాళ్ళు ‘రెసిట్’ అంటారు, అమెరికా నుంచి వచ్చిన పద్ధతి. దీని గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తా. మన దగ్గర చాలామంది మూడేళ్ళ కోర్సులో ఒక్క తీర్పు కూడా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవకుండా గైడ్లతో గట్టెక్కేస్తారు, అక్కడ అది కుదరదు, మూల తీర్పు చదవాల్సిందే, నలుగురిలో నిలబడి నోరు విప్పాల్సిందే. ఈ రెండూ లాయరుకి ప్రాణం లాంటి అలవాట్లు. కాకపోతే కొన్నిచోట్ల అది నేర్పడం మానేసి భయపెట్టడం అయిపోయింది, తప్పు చెప్పినవాళ్ళని క్లాసంతా చూస్తుండగా నిలబెట్టి చులకన చెయ్యడం, మాకూ ఇలాగే చేశారు కాబట్టి మీకూ ఇంతే అనడం. ఆ పాతకాలపు ధోరణిని కుర్ర లాయర్లు ఇప్పుడు బాహాటంగానే తప్పుపడుతున్నారు, మంచిదే.

చదవాల్సిన చట్టం కూడా రెండు కాళ్ళ మీద నిలబడింది. మూడొందల ఏళ్ళు పైబడి స్పెయిన్ ఏలింది, తర్వాత అమెరికా వచ్చింది, అందుకని 1950లో అమల్లోకొచ్చిన సివిల్ కోడ్‌లో స్పానిష్ వాసన, రాజ్యాంగం, ఎవిడెన్స్, ప్రొసీజర్‌లో అమెరికా వాసన. అంటే సెక్షన్లు కంఠతా రావాలి, వాటి మీద కేసులూ రావాలి. వాళ్ళు సెక్షన్ల పుస్తకాన్ని ‘కోడల్’ అంటారు, అది చిరిగిపోయేదాకా మోస్తారు.

ఒక చేదు సంగతి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. లా స్కూళ్ళలో ఫ్రాటర్నిటీలని సంఘాలుంటాయి, రేపు ప్రాక్టీస్‌లో పరిచయాలకి పనికొస్తాయని చేరతారు, చేర్చుకునే తంతు పేరుతో కొడతారు. 1991లో లెన్నీ విల్లా, 2017లో హొరాషియో కాస్టిలో, ఇద్దరూ మొదటేడాది లా స్టూడెంట్లే, ఆ దెబ్బలకే చనిపోయారు. విల్లా చావు తర్వాత 1995లో ఒక చట్టం, కాస్టిలో చావు తర్వాత 2018లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. 1997లో ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చిన కథ తెలిసిన మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. చట్టం చదువుకునేచోటే చట్టం ఇంత ఆలస్యంగా చేరడం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక బార్. ఇక్కడ ఉంది అసలు మెలిక. ఆ పరీక్ష పెట్టేది సుప్రీంకోర్టే, ప్రతి ఏడాదీ ఒక జస్టిస్ ఛైర్మన్‌గా ఉంటారు. 1901 నుంచి నడుస్తోంది. చాలా దశాబ్దాలు ఒకే నెలలో నాలుగు ఆదివారాలు, ఎనిమిది సబ్జెక్టులు, అంతా వ్యాసరూప ప్రశ్నలు, చేత్తో రాయడం. యావరేజ్ 75 శాతం రావాలి, ఏ సబ్జెక్టులోనూ 50కి తగ్గకూడదు. 2012లో పాసైంది 17.76 శాతం మంది. 2016లో ఒక్కసారిగా 59 శాతం దాటింది, ఆ ఏడాది టాప్ టెన్‌లో ఒక్కళ్ళు కూడా మనీలా స్కూళ్ళ వాళ్ళు లేరు, మనీలాకి దూరంగా ఉన్న సెబు, దవావో వైపు వాళ్ళు ఎంత పొంగిపోయారో. కోవిడ్ వల్ల వాయిదాల మీద వాయిదాలు పడి 2022 ఫిబ్రవరిలో మొదటిసారి దేశమంతా వేర్వేరు ఊళ్ళలో లాప్‌టాప్‌ల మీద రాయించారు, 11,402 మంది రాస్తే 8,241 మంది పాసయ్యారు, అంటే 72 శాతం పైన. 2023కి వచ్చేసరికి మూడు రోజులు, ఆరు సబ్జెక్టులు చేశారు, 10,387 మందిలో 3,812 మంది, 36.77 శాతం. ఈ అంకెలు ఎందుకు చెప్తున్నానంటే, చదువు అదే, స్కూళ్ళు అవే, పదేళ్ళలో పాస్ శాతం 17 నుంచి 72కి వెళ్ళి మళ్ళీ 36కి దిగిందంటే ఆ పరీక్ష కొలిచేది అచ్చంగా మనిషి సామర్థ్యమే అనుకోవడానికి లేదు, పేపర్ ఎవరు సెట్ చేశారు, ఎలా దిద్దారు, ఆ ఏడాది పరిస్థితి ఏంటి అన్నది కూడా అందులో కలిసిపోయింది.

కానీ సమాజం అలా చూడదు. రిజల్ట్ రాగానే వీధి మొదట్లో మన ఫ్లెక్సీల్లాగే పెద్ద ఫోటోతో బేనర్ కట్టేస్తారు, ఆ రోజు నుంచి ఇంట్లో అమ్మ కూడా ‘అటార్నీ’ అనే పిలుస్తుంది. పరీక్ష ముందు క్యూజాన్ సిటీలో శాంటా క్లారా మఠానికి గుడ్లు తీసుకెళ్ళి ఇచ్చి దణ్ణం పెట్టుకుంటారు, చర్చిలో పెన్నులు దీవించి ఇస్తారు, ఆఖరి రోజు పరీక్ష హాలు బయట జూనియర్లు డప్పులు కొడుతూ ఎదురొస్తారు. ఇంటిల్లిపాదీ మోసే బరువు అది. మూడుసార్లు తప్పితే మళ్ళీ ఒక ఏడాది రిఫ్రెషర్ కోర్సు చేస్తేగాని రాయనివ్వరు. తప్పినవాళ్ళు పేరు దాచుకుని ఊరు మారిపోయిన సంగతులు విన్నాను.

ఇంత పెద్దదైపోయిన పరీక్ష చదువుని తన చుట్టూ తిప్పుకుంటుంది. స్కూలు మంచిదా కాదా అన్నది పాస్ శాతంతోనే తేలుస్తారు, కాబట్టి స్కూళ్ళు కూడా నాలుగో ఏడు వచ్చేసరికి అన్నీ పక్కన పెట్టి రివ్యూ క్లాసులే నడుపుతాయి. క్లయింటుతో ఎలా మాట్లాడాలి, రాజీ ఎలా కుదర్చాలి, ఫీజు ఎలా చెప్పాలి, కేసు ఓడిపోయామని ఎలా చెప్పాలి, ఇవేవీ బార్‌లో రావు, కాబట్టి క్లాసులోకీ రావు. ఆ కుర్రాడు రాసింది ఇదే. అతను సోమరిగా చదవలేదు, పరీక్షకి ఏం కావాలో అది బ్రహ్మాండంగా చదివాడు.

ఇప్పుడు వాళ్ళ ప్రాక్టీస్ ఎలా మొదలవుతుందో చూడు. మన దగ్గరలా సీనియర్ ఆఫీసులో ఏళ్ళ తరబడి ఫైళ్ళు మోసే ఆనవాయితీ అక్కడ తప్పనిసరి కాదు. ప్రమాణం చేసి రోల్ ఆఫ్ అటార్నీస్‌లో, అంటే లాయర్ల జాబితా పుస్తకంలో, సంతకం పెట్టిన రోజు నుంచి ఒంటరిగా కోర్టులో నిలబడొచ్చు. సంతకం కింద రోల్ నంబరు, బార్ అసోసియేషన్ చందా రసీదు నంబరు, వృత్తి పన్ను రసీదు నంబరు, మూడేళ్ళకి 36 గంటల క్లాసులు విన్నట్టు సర్టిఫికెట్ నంబరు, ఇవన్నీ వెయ్యాలి.

వచ్చే కేసులేంటి? ముస్లింలకి తప్ప అక్కడ విడాకుల చట్టం లేదు కాబట్టి పెళ్ళి చెల్లదని ప్రకటించమని వేసే కేసులు బోలెడు, ఫ్యామిలీ కోడ్‌లో ఆర్టికల్ 36 కింద మానసిక అసమర్థత అనే కారణం చూపిస్తారు. దానికి సైకాలజిస్టు రిపోర్టు, సాక్ష్యం, బోలెడు డబ్బు. 2021లో టాన్-ఆందాల్ తీర్పులో సుప్రీంకోర్టు, అది వైద్యం చెప్పే రోగం కానక్కర్లేదు, ఎక్స్‌పర్ట్ సాక్ష్యం తప్పనిసరి కాదు అని తేల్చాక కొంత ఊపిరి ఆడింది. లా స్కూల్లో ఆర్టికల్ 36 మీద తీర్పులన్నీ వరసగా అప్పజెప్పిన మనిషి, ఎదురుగా పన్నెండేళ్ళు దెబ్బలు తిన్న ఆడమనిషి కూర్చుని ఏడుస్తుంటే ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలో ఏ పుస్తకమూ చెప్పలేదని మా ఇలోయిలో అమ్మాయి నాతో అంది.

భాష సంగతి ఇంకా లోతైనది, ఇక్కడ కొంచెం ఆగుతా. చట్టాలు ఇంగ్లీషులో, తీర్పులు ఇంగ్లీషులో, పిటిషన్లు ఇంగ్లీషులో. సాక్షి మాట్లాడేది తగాలోగో సెబువానోనో ఇలోకానోనో. కోర్టు ఇంటర్‌ప్రెటర్ దాన్ని ఇంగ్లీషు చేస్తారు, స్టెనో ఇంగ్లీషులో ఎక్కిస్తారు. మన సబార్డినేట్ కోర్టుల్లో సాక్షి తెలుగులో చెప్తుంటే జడ్జి గారు ఆ సాక్ష్యాన్ని ఇంగ్లీషులో డిక్టేట్ చెయ్యడం నువ్వూ చూసే ఉంటావు, ఆ దారిలో ఎంత జారిపోతుందో మనకి తెలుసు. 2013 నుంచి అక్కడ జ్యుడీషియల్ అఫిడవిట్ రూల్ ఉంది, సాక్షి చెప్పేది ముందే రాసిచ్చే మన చీఫ్ అఫిడవిట్ లాంటిదే కానీ ప్రశ్న, జవాబు రూపంలో ఉండాలి, సాక్షికి తెలిసిన భాషలో రాయాలి, అది ఇంగ్లీషో ఫిలిపినోనో కాకపోతే అనువాదం జత చెయ్యాలి. అంటే కేసు బలం సగం లాయరు ఆఫీసులోనే, సాక్షితో కూర్చుని అతని మాటని అతని మాటగా కాగితం మీద పెట్టడంలోనే తేలిపోతుంది. దానికి కావలసింది ఓపిగ్గా వినడం, తన మాటలు సాక్షి నోట్లో పెట్టకుండా ఉండడం. పేరు పిలవగానే లేచి గడగడా చెప్పడంలో ఆరితేరినవాళ్ళకి ఇదే అన్నిటికంటే కష్టమని నాకు అర్థమైంది, నాలుగేళ్ళు వాళ్ళకి నేర్పింది మాట్లాడడమే మరి.

ఇంకా కింది స్థాయిలో లాయరుకి ప్రవేశమే లేని చోట్లు ఉన్నాయి. ఒకే ఊరివాళ్ళ మధ్య చిన్నచిన్న తగాదాలు ముందు బరంగాయ్‌లో, అంటే మన వార్డు, పంచాయతీ లాంటి యూనిట్‌లో, రాజీకి వెళ్ళాలి, అక్కడ లాయర్లు నిలబడకూడదు, రాజీ కుదరకపోతేనే సర్టిఫికెట్ ఇచ్చి కోర్టుకి పంపుతారు. 10 లక్షల పెసోల లోపు డబ్బు కేసులు స్మాల్ క్లెయిమ్స్‌లోకి వస్తాయి, అక్కడా లాయర్లు రాకూడదు. సామాన్యుడి న్యాయంలో ఎక్కువ భాగం లాయరు లేకుండానే నడుస్తోందన్నమాట, లా స్కూల్లో చూస్తే సుప్రీంకోర్టు తీర్పులే ప్రపంచం.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. బార్ కఠినంగా ఉంటే మంచి లాయర్లు వస్తారా? ఫిలిప్పీన్స్ చరిత్రే చూడు. 1939 బార్‌లో ఫస్ట్ వచ్చింది తర్వాత దేశాధ్యక్షుడైన ఫెర్డినాండ్ మార్కోస్, అప్పటికి తండ్రి రాజకీయ ప్రత్యర్థి హత్య కేసులో ముద్దాయి, 1940లో సుప్రీంకోర్టు నిర్దోషని వదిలింది. 1944 బార్‌లో, తర్వాత సెనేటర్లయిన హోసే డియోక్నో, హొవితో సలోంగా ఇద్దరూ సమానంగా ఫస్ట్ వచ్చారు, డియోక్నో అయితే లా కోర్సు పూర్తి చెయ్యకుండానే ప్రత్యేక అనుమతితో రాశాడు. 1972లో అధ్యక్షుడిగా ఉన్న మార్కోస్ మార్షల్ లా, అంటే సైనిక శాసనం, పెట్టి డియోక్నోని జైల్లో వేశాడు, దాదాపు రెండేళ్ళు ఏ అభియోగమూ పెట్టకుండానే ఉంచాడు. బయటికొచ్చిన డియోక్నో 1974లో ఫ్లాగ్ అనే ఉచిత న్యాయ సహాయ సంఘం పెట్టి, మార్షల్ లా బాధితుల కేసులు డబ్బు తీసుకోకుండా వాదించాడు. జైల్లో పెట్టినవాడూ, జైలుకెళ్ళినవాడూ ఇద్దరూ అదే పరీక్షలో ఫస్ట్ వచ్చినవాళ్ళే. ఆ పరీక్ష తెలివిని పట్టగలదు, ఆ తెలివి ఎవరి పక్షాన నిలబడుతుందో పట్టలేదు.

ఆ పక్షాన నిలబడడం ఇప్పటికీ తేలిక కాదు. పేద రైతుల కేసులు చూసే లాయర్ల సంఘం స్థాపకుల్లో ఒకడైన బెంజమిన్ రామోస్‌ని 2018 నవంబరులో నీగ్రోస్ ద్వీపంలో కాల్చి చంపారు. లాయర్ల హత్యలు ఎంత దాకా వచ్చాయంటే 2021 మార్చిలో సుప్రీంకోర్టే బహిరంగ ప్రకటన చెయ్యాల్సొచ్చింది. ఇది తెలిసి కూడా కాలేజీ నుంచి నేరుగా పబ్లిక్ అటార్నీ ఆఫీసులో చేరి పేదల క్రిమినల్ కేసులు చూసే కుర్రాళ్ళున్నారు, ఒక్కొక్కళ్ళ చేతిలో వందల కేసులు. నాకు వాళ్ళ మీద ఉన్న గౌరవం మాటల్లో చెప్పలేను.

మన దగ్గర ఆలిండియా బార్ ఎగ్జామ్ 2011 నుంచి ఉంది, 100 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, బేర్ యాక్టులు, అంటే వ్యాఖ్యలు లేని చట్టం పుస్తకాలు, తీసుకెళ్ళొచ్చు, 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా దాన్ని సమర్థించింది. అది మరీ తేలిక అన్న నీ మాటతో నేను ఏకీభవిస్తా, కొన్ని వ్యాసరూప ప్రశ్నలు, ఒక డ్రాఫ్టింగ్ పేపరు పెట్టాలి. కానీ మనీలా తరహాలో మొత్తం జీవితం ఒక పరీక్షకి వేలాడదియ్యడం మాత్రం వద్దు. మన దగ్గర స్టాండర్డ్ పడిపోతున్నది కాలేజీలోనూ, కాలేజీ అయ్యాక మొదటి మూడేళ్ళలోనూ. అటెండెన్స్ కాగితం మీదే ఉండే కాలేజీలు, బస్సు ఛార్జీలకి కూడా చాలని డబ్బులిచ్చే ఆఫీసులు, వీటి వల్ల పేదింటి పిల్లలు రెండేళ్ళకే కోర్టు వదిలేసి వేరే ఉద్యోగం చూసుకుంటున్నారు. 2024లో మన లాయర్ల నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ జూనియర్లకి పట్టణాల్లో నెలకి 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వాలని సిఫార్సు చేసింది, అది సిఫార్సుగానే ఉండిపోకుండా అమలు చేయిస్తే ఏ ఎగ్జామ్ కన్నా ఎక్కువ మేలు.

వాళ్ళ దగ్గర్నుంచి తెచ్చుకోవాల్సింది ఉంటే అది రూల్ 138-ఎ. లా స్టూడెంట్ ప్రాక్టీస్ రూల్ అంటారు, 1986 నుంచి ఉన్నదాన్ని 2019లో సుప్రీంకోర్టు తిరగరాసి క్లినికల్ చదువుతో ముడిపెట్టింది. సర్టిఫికెట్ తీసుకున్న స్టూడెంటు, సూపర్‌వైజ్ చేసే లాయరు పర్యవేక్షణలో నిజమైన క్లయింట్లని కలుస్తాడు, కాగితాలు డ్రాఫ్ట్ చేస్తాడు, పై లెవెల్ సర్టిఫికెట్ ఉంటే కోర్టులో కూడా నిలబడతాడు, డబ్బు తీసుకోకూడదు. మా ఆఫీసులో ఈ క్లినిక్ గట్టిగా చేసి వచ్చిన కుర్రాళ్ళకీ చెయ్యకుండా వచ్చినవాళ్ళకీ తేడా మొదటి వారంలోనే కనిపించేది, ఒకళ్ళు ముందు ఎదుటి మనిషిని అడుగుతారు, ఒకళ్ళు ముందు సెక్షన్ వెతుకుతారు. నువ్వూ మీ కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉత్తి బోర్డేనా అని చూసి, అలా అయితే నేరుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళి పారా లీగల్ వాలంటీర్‌గా చేరు. లోక్ అదాలత్ రోజుల్లో పొద్దున్నే వెళ్ళి కూర్చో, మోటారు యాక్సిడెంట్ కేసుల్లో ఇన్సూరెన్స్ లాయరూ బాధితుడి లాయరూ అంకె దగ్గర ఎలా కలుస్తారో చూడు, ఏ సెమిస్టర్‌లోనూ అది చెప్పరు.

మూడోది, అక్కడికి లా చదవడానికి వెళ్ళొచ్చా. వద్దు. దవావోలో, మనీలాలో మన తెలుగు పిల్లలు మెడిసిన్ చదువుతున్నారు నిజమే, కానీ అది వేరు. ఫిలిప్పీన్స్ రాజ్యాంగం వృత్తులన్నీ పౌరులకే అంటుంది, బార్ రాయడానికి ఫిలిప్పీన్స్ పౌరసత్వం ఉండాలి, కాబట్టి అక్కడ లాయరువి కాలేవు. ఆ డిగ్రీతో ఇక్కడికి రావాలంటే ఆ యూనివర్సిటీకి బార్ కౌన్సిల్ గుర్తింపు ఉండాలి, పైన క్వాలిఫయింగ్ ఎగ్జామ్ రాయాలి. ఏజెంటు ఎవరైనా మెడిసిన్‌తో పాటు లా సీటు కూడా ఉంది అని చెప్తే ఈ రెండు ప్రశ్నలు అడిగి, జవాబు కాగితం మీద ఇవ్వమను. కాంట్రాక్టులు, కంప్లయన్స్ లాంటి పనుల మీద వెళ్ళాలనుంటే ఇక్కడి డిగ్రీ, రెండు మూడేళ్ళ అనుభవం చాలు, నేను వెళ్ళింది అలాగే.